ఆడని ఆఖరి రీలు

వరంగల్‌లో ఒక దవాఖాన. మంచం మీద ఒకప్పటి సినిమా హాలు ఆపరేటర్ సదానందం. పక్కన స్టూలు మీద రిటైరైన రాహేలు టీచరు.

“లేవకు. నేను పరామర్శకు రాలేదు.”

“తెలుసు టీచరమ్మా. చేతుల బత్తాయిలు గూడ లేకపాయె.”

“నిన్న మా తమ్ముడి మనవరాలు ప్రీతి ఫోనులో ఆ యుద్ధకాలపు సినిమా చూపించింది. ఒకమ్మాయి ప్రియుణ్ణి అతని స్నేహితుడే శత్రుసైన్యానికి పట్టిస్తాడు. ఆ అమ్మాయి పిస్తోలు పట్టుకొని ఆ ద్రోహి కోసం ఏళ్ల తరబడి తిరుగుతుంది. గుర్తుందా?”

“మస్తు బొమ్మలేసిన. ఏదని యాదికుంటది?”

“మన హాల్లో ఆమె పిస్తోలు దించింది. వెంటనే లైట్లు వెలిగాయి. జనం కుర్చీలు బాదితే, ‘అయిపోయింది, పోండ్రి’ అని నువ్వే అరిచావు. నిన్న చూస్తే, అయిపోలేదు. ఆమె మళ్లీ ఎత్తింది. కాల్చింది.”

“అదా... స్టేషన్ ఘన్‌పూర్ పోయేటోళ్లకు రాత్రి ఆఖరి రైలు తప్పుతదని జర కట్ చేసేది.”

“అది మ్యాట్నీ. మ్యాట్నీకి ఏ రైలు, సదానందం?”

“మిషన్ ఖరాబైందేమో...”

“ఏమో అనకు. మర్నాడు నేను కోర్టులో సాక్ష్యం చెప్పాలి. నాతో ప్రధానం అయిన సుందర్ రావు దాక్కున్న ఇంటిని, అతన్ని చంపిన గూండాలకు చూపించినవాడు మీ అన్న కిషన్ రావు. కళ్లారా చూసినదాన్ని నేనొక్కదాన్నే.”

“అన్న పోయి తొమ్మిదేండ్లాయె. ఇగ ఎవరి మీదమ్మా కోపం? ఇద్దరం అలిసిపోయినం.”

“అలిసిపోయాను కనుకనే అడుగుతున్నాను. ఆమె దించిందని నేనూ దించాను. ‘చీకటి, మనిషిని గుర్తుపట్టలేదు’ అన్నాను. మీ అన్న విడుదలై ఇంటికి వెళ్లాడు. దాన్ని క్షమ అనుకొని యాభై ఏళ్లు మోశాను. ఇప్పుడు నువ్వు మిషన్ ఖరాబంటావా?”

“మిషన్ గాదు.”

“మరి?”

“జర నీళ్లియ్యరాదు.”

“తాగు. తాగి చెప్పు.”

“వారం ఆడిందమ్మా ఆ బొమ్మ. దినాం మూడాటలు. ఆఖరి రీలు అన్ని ఆటలకు ఏసిన. ఆ ఒక్క మ్యాట్నీకే... ఆపరేటర్ రూం కిటికీల నుంచి చూస్తే, లేడీస్ సీట్లల మీరు కూసున్నరు.”