కమల లే

కోదాడలో బయలుదేరి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోయే పొద్దుటి బస్సు. డ్రైవరు ఐలన్న. కండక్టరు కమలాబాయిది పెన్‌పహాడ్ దగ్గర తండా. ముందు సీట్లో కూర్చున్న కోదాడ సుకన్య, ఒకప్పుడు ఇద్దరూ కలిసి చదివి, కలిసి ఉరికిన సూర్యాపేట కాలేజీలోనే ఇప్పుడు ఆటల మేడం. ఆమె బస్సెక్కడం చూడగానే కమలకు ఒళ్లు మండింది. అయినా టికెట్ కొట్టాలి కదా.

"అట్ల కాదు, ఆధారు చూపియ్యి."

"నేనెవరో తెలియదా ఏంటి కమలా? ఎన్నేళ్ల స్నేహం మనది."

"స్నేహం చూపిస్తే జీరో టికెట్ రాదు. ఆధారు చూపిస్తేనే మిషిన్ల కొడత."

"ఇదిగో. ఎందుకంత కోపం?"

"కోపం ఏం లేదు. మిర్యాలగూడకేనా?"

"ఆ. చిన్న పని."

"ఏం పని?"

"కాలేజీ పని."

"ఆదివారం రిలేకు పేర్లిచ్చే పని. పన్నెండు గంటల లోపట ఇయ్యాలె. నీ సంచిలనే ఉన్నది కాగితం."

"నీకెవరు చెప్పారు?"

"నా బిడ్డ చెప్పింది. నిన్నటి సంది బువ్వ ముట్టలేదు చరిత. మూడో లెగ్గుల ఆమె పేరు కొట్టేసినవట."

"కొట్టెయ్యలేదు. స్టాండ్‌బైలో పెట్టాను."

"స్టాండ్‌బై అంటే నిలబడి పోవుడే గదా. నేను దినాం చూస్తనే ఉన్న. సీటు లేదని సాఫ్ చెప్పు."

"నువ్వు అపార్థం చేసుకుంటున్నావు."

"రైట్, రైట్. పోనియ్యి ఐలన్నా. టికెట్, టికెట్... ఏమంటున్నవ్? అపార్థమా? సరే, అర్థం చెప్పు. నా బిడ్డ మెల్లగ ఉరుకుతదా?"

"లేదు. కాలేజీలో ఆ పిల్లని మించినవాళ్లు లేరు."

"ప్రాక్టీసుకు రాదా?"

"అందరికంటే ముందే వస్తుంది."

"మరి?"

"పిలుపు, కమలా. పిలుపు ఒక్కటే వినదు. నాలుగో లెగ్ పరిగెత్తే కళ్యాణికి బ్యాటన్ ఇచ్చేటప్పుడు 'స్టిక్' అని అరవమంటాను. ఈ పిల్లేమో 'లే' అని అరుస్తుంది."

"మా లంబాడిల 'లే' అంటే తీస్కో అని. తీస్కోమనే గదా చెప్పేది? తప్పేమున్నది?"

"తప్పేముందో నీకు కూడా చెప్పాలా?"

"చెప్పు. ఏటేటా కొత్త పిల్లలను మట్టిల కూసోబెట్టుకొని చెప్తున్నవట గదా, నాగ్గూడ చెప్పు. ఆ కథకు పేరు గూడ పెట్టినవట. 'కమల లే' అని."

"పేరు నేను పెట్టలేదు. పిల్లలే అలా అంటారు."

"కాలేజీల చేరిన మొదటి వారమే ఇన్నది నా బిడ్డ. అందరు నవ్విన్రట. ఆమె గూడ నవ్విందట. సాయంత్రం ఇంటికొచ్చి, 'అమ్మా, మీ కాలేజీల కమల అని ఒకామె ఉండేనట, కట్టె కింద పడేసిందట, నీకు ఎరుకేనా' అని అడిగింది నన్ను. నన్నే అడిగింది."

"ఆ కమల వాళ్లమ్మేనని నేనెప్పుడూ చెప్పలేదు. ఒట్టు."

"నేను చెప్పిన. నేనే ఆ కమలనని చెప్పిన. దాచుకునే పని నేనేం చెయ్యలేదు."

"కండక్టరమ్మా, హుజూర్‌నగర్‌ల మార్కెట్ కాడ ఆపుతరా?"

"బస్టాండ్లనే ఆపుతం అవ్వా. ఆడికెళ్లి నడిచి పోవచ్చు. జర మూట పక్కకు జరుపు."

"కమలా, నీకు శిరీష స్పైక్స్ గుర్తున్నాయా?"

"మాట మార్చకు."

"మార్చడం లేదు. మన రిలే జరిగిన మిర్యాలగూడ వెళ్లినప్పుడల్లా ఆ బూట్లే గుర్తొస్తాయి నాకు. మీ ఇద్దరికీ ఒకటే జత."

"గుర్తుండకేం? శిరీషది మొదటి లెగ్, నాది మూడోది. ఆమె ఉరికొచ్చి సంగీత చేతిల కట్టె పెట్టుడు, కూలబడి బూట్లిప్పి నా మీదికి ఇసురుడు. సంగీత ఒక్క చుట్టు తిరిగొచ్చే లోపల నేను ఏసుకొని లేసులు కట్టుకోవాలె. అవి చెమటకు తడిసి ముద్దయ్యి ఉంటుండె."

"నీకు ఒక సైజు పెద్దవి. ముందర పేపరు కుక్కుకునేదానివి."

"ఉద్యోగాల ప్రకటనల పేజీ కుక్కుకుంటుంటి. ఆ పేజే పనికొచ్చింది, కండక్టర్ అయిన."

"నవ్వావు. హమ్మయ్య. అసలు మనం రిలే వాళ్లమా చెప్పు? ఐదు వేల మీటర్లు, పది వేల మీటర్లు మనవి. తెల్లారి చివ్వెంల దాకా పరిగెత్తి మళ్లీ పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లం."

"లారీలోళ్లు హారన్లు కొట్టేటోళ్లు. సంగీత వాళ్లకు చెయ్యి ఊపేది."

"శిరీష తిట్టేది."

"సంగీతను తిట్టేది, లారీలోళ్లను గాదు. నాలుగు వందల మీటర్లు ఉరికేటోళ్లు కాలేజీల ఒక్కరు లేరని పీఈటీ సారు మనల్ని తోలిండు. 'గెలవకపోయినా మంచిదే, పడకుండ రాండ్రి' అన్నడు."

"అవును, అదే మాట."

"నేను పడలేదు సుకన్యా. సంగీత చేతికెళ్లి నాలుగో నంబరుల కట్టె తీస్కున్న. ముగ్గురిని దాటి ఒకటో నంబరుల తెచ్చిన. అది చెప్తవా పిల్లలకు?"

"చెప్తాను."

"చెప్పవు. చరిత నాకు నీ కథ మొత్తం చెప్పింది. నీ కథ ఆఖరి మలుపు కాడ మొదలైతది. కమల వచ్చింది, 'లే' అన్నది, కట్టె పడ్డది. గంతే."

"జరిగింది అదే కదా. నేను నిలబడి ఉన్నాను. నువ్వొచ్చి 'లే' అన్నావు. ఇక బయల్దేరమంటున్నావు అనుకొని నేను పరుగు తీశాను."

"ముప్పై గజాలు ఉత్త చేతులతోని ఉరికినవ్."

"ఉరికాను. గ్రౌండంతా నవ్వింది. సారు వచ్చి, ఆ పిల్ల ఏమంది అని అడిగారు. 'లే' అంది సార్ అన్నాను. అప్పుడాయనే అన్నారు, వాళ్ల భాషలో తీసుకో అనమ్మా, నువ్వు తెలుగనుకొని దెబ్బతిన్నావు అని. నేను కల్పించింది కాదు."

"కల్పియ్యలేదు. కాదని గూడ అనలేదు."

"నాకేం తెలుసు మీ భాష?"

"గ్రౌండ్ల తండ మాట మాట్లాడే పిల్ల రిలేకు పనికిరాదని సారు అందరి ముంగట అన్నడు. యూనివర్సిటీ క్యాంపుకు ఒకటే పేరు పంపాలె. నీ పేరు పంపిండు. నువ్వు మేడం అయినవ్. బాగుపడ్డవ్, నాకు ఏడుపు లేదు. కానీ ఇప్పుడు అదే మాట పట్టుకొని నా బిడ్డ పేరు కొట్టేస్తె ఊకుంటనా?"

"హుజూర్‌నగర్ వచ్చింది కండక్టరమ్మా."

"హోల్డాన్, హోల్డాన్. మెల్లగ దిగు అవ్వా. ఎక్కేటోళ్లు ముందుకు జరుగుండ్రి, లోపట ఖాళీ ఉన్నది. రైట్."

"కమలా, కూర్చో కాసేపు. నిలబడి అరుస్తుంటే అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఒక్కటి చెప్పు. నిలబడి ఉన్నవా?"

"ఎవరు?"

"నువ్వే. ఆ దినం. నేను ఆఖరి మలుపు తిరిగినప్పుడు నిలబడి ఉన్నవా?"

"నిలబడక? నాలుగో లెగ్ కదా నాది."

"నిలబడి ఉన్నవా, సుకన్యా?"

"పాత సంగతులు ఎందుకే ఇప్పుడు?"

"ఏటేటా చెప్పుకునే సంగతి పాతదెట్లయితది? నిలబడి ఉన్నవా?"

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగనే అడుగుతున్న. ఇగో, నీ పక్కన కూసున్న గూడ. చెప్పు."

"... కూర్చున్నాను."

"ఎట్ల?"

"సున్నం గీత దగ్గర. గొంతుక్కూర్చున్నాను."

"ఎందుకు?"

"నీకు తెలుసు కదా."

"నాకు తెలుసు. నీ నోటి నుంచి ఇనాలె."

"తెల్ల నిక్కర్లు ఇచ్చారు ఆ రోజు మనకి. నువ్వు పరిగెత్తుతుండగానే నాకు... నెలసరి వచ్చింది. మరకైంది. చుట్టూ మగపిల్లలు, సార్లు. ఏం చెయ్యాలో తోచక అక్కడే కూలబడ్డాను. కళ్లు కూడా మూసుకున్నాను. నిన్ను చూడనేలేదు."

"లేచినంక చెయ్యి యాడ ఉన్నది?"

"ఏ చెయ్యి?"

"కట్టె తీస్కునే చెయ్యి."

"వెనక... బనీను కిందికి లాగి పట్టుకున్నాను. రెండు చేతులతో."

"అంటే నేను కట్టె పెడదామంటే అరచెయ్యే లేదు."

"లేదు."

"నేను ఇడవలేదు."

"వదల్లేదు. కమలా, నువ్వు వదల్లేదు. నాకు తెలుసు."

"ఆ సాయంత్రం నా తువ్వాల నీ నడుముకు చుట్టి సూర్యాపేట బస్సు ఎక్కించిన. ఎవ్వరికి చెప్పొద్దని ఏడిచినవ్. చెప్పనని ఒట్టేసిన. ఇరవై నాలుగేండ్లు చెప్పలేదు. కట్టె ఇడిసిన కమల అన్నరు, పడ్డ. నవ్విన్రు, పడ్డ. నా బిడ్డను అంటే పడ."

"ఇప్పుడు చెప్తావా అందరికీ?"

"చెప్ప. ఒట్టు ఒట్టే. నీ నిక్కరు మీది మరకతోని నాకేం పని? అది ఆనాడే ఉతికితే పోయి ఉంటది. నా మాట మీద ఏసిన మరక ఉన్నది సూడు, అది తియ్యి."

"కండక్టర్ గారూ, చిల్లర ఇవ్వలేదు."

"ఇస్త అన్నా, నేరేడుచర్లల దిగేటప్పుడు ఇస్త. యాడికి పోను. బస్సుల నుంచి ఉరికి పోయే వయసు అయిపోయింది."

"నీ పెన్ను ఒకసారి ఇవ్వు."

"ఎందుకు?"

"ఇవ్వు ముందు. ఇదిగో, నీ ముందే రాస్తున్నాను. మూడో లెగ్, చరిత. స్టాండ్‌బై కొట్టేశాను. చాలా?"

"రాయి. ఆటల మేడం చేతి రాత గదా, నిలుస్తది."

"కానీ ఒక్కటి. స్టిక్ అనమను. ఒక్క ఆదివారం. ఒక్కటంటే ఒక్కసారి."

"అనదు."

"అనకపోతే ఎట్లా కమలా? అవతల అందుకునేది కళ్యాణి. తెలుగు పిల్ల."

"నెల దినాల సంది ఆ తెలుగు పిల్ల 'లే' ఇనుకుంట కట్టె తీస్కుంటున్నది. ఒక్కసారన్న జారిందా?"

"జారలేదు."

"ఒక్కసారన్న?"

"జారలేదన్నాను కదా. అసలు ఇప్పుడు కళ్యాణి కూడా ఎవరికేమిచ్చినా లే, లే అంటోంది. నీళ్ల సీసా ఇచ్చినా అదే."

"చూసినవా? ఆ పిల్ల చెవులకు పట్టిన మాట నీ చెవులకు పట్టదా? నేను పదహారేండ్ల సంది బస్సుల అరుస్తున్న. రైట్ అంటే ఐలన్న పోనిస్తడు, హోల్డాన్ అంటే ఆపుతడు. ఆ మాటలు మా అమ్మవా, ఆయన అమ్మవా? నేర్చుకున్నం, అయిపోయింది. నేర్చుకునేటోళ్లు ఉంటే ఏ మాటైనా నడుస్తది."

"నువ్వు మారలేదే. అదే మొండితనం."

"మొండిదాన్ని కాబట్టే ముగ్గురిని దాటిన. నేరేడుచర్ల, నేరేడుచర్ల. అన్నా, ఇగో నీ చిల్లర. లెక్క చూసుకో. రైట్, రైట్."

"నాదే తప్పు. కూర్చున్నాను, చెయ్యి చాపలేదు. ఒప్పుకున్నాను. ఆదివారం పిల్లలందరి ముందూ చెప్తాను, కమల కట్టె వదల్లేదు, నేనే అందుకోలేదు అని. సరేనా?"

"చెప్తవా?"

"చెప్తాను. మరకతో సహా చెప్తాను. నలభై ఐదేళ్లొచ్చాయి, ఇంకా ఎవరికి భయపడాలి? ఈ కాలం ఆడపిల్లలు మెడికల్ షాపులో ప్యాడ్లు పేరు పెట్టి అడిగి కొనుక్కుంటున్నారు. నేను మాత్రం ఆ గీత దగ్గరే కూర్చుండిపోయాను."

"అది మంచి మాట."

"కానీ నువ్వు కూడా ఒక్కటి ఒప్పుకో కమలా. సగం తప్పు ఆ మాటది. నువ్వు కూడా ఆ రోజు మీ భాషలో అనకుండా, సారు నేర్పిన మాట అని ఉంటే, నేనలా గాభరాపడి లేచి పరిగెత్తేదాన్ని కాదు. కట్టె ఉందన్న సంగతైనా గుర్తొచ్చేది. అదొక్కటి ఒప్పుకోవే, నాకోసం."

"కాగితం ఇటియ్యి. పేరు సక్కగ రాసినవో లేదో చూస్త."

"నమ్మకం లేదా?"

"ఇరవై నాలుగేండ్లయింది సుకన్యా, చూస్కోనియ్యి. ... చరిత. మూడో లెగ్. ఆ, సక్కగనే ఉన్నది. రైసు మిల్లుల వాసన వస్తున్నది, వచ్చేసినం. మిర్యాలగూడ, లాస్ట్ స్టాప్. హోల్డాన్ ఐలన్నా. అందరు దిగాలె, సామాన్లు చూస్కోండ్రి."

"కాగితం ఇవ్వవే. పన్నెండు కావస్తోంది."

"లే."

"ఆ, పట్టుకున్నాను. వదులు."

"చూసినవా? లే అన్న, చెయ్యి చాపినవ్, తీస్కున్నవ్. ఇది మా 'లే'. ఆ గ్రౌండ్ల నేను దీన్ని అననే లేదు. నా దోస్తు మట్టిల కూలబడి ఉంటే చూసి, లెవ్వమని అరిచిన. అది మీ తెలుగు 'లే', సుకన్యా."