ఖాకీ తలకాయ చిలుక

"తాతా, ఏ చిలుక కింద ఎవల పేరు రాయాలె?" అని గదా బిడ్డా నువ్వు అడిగింది. ఫోన్ల రికార్డు అయితాందా? కానియ్.

ఈ ముచ్చట నాకు ముందుగాల చెప్పింది మా మేనత్త లచ్చవ్వ. నేను నేసిన రెండు చిలుకల జంపఖానా ముచ్చట నాకే చెప్పింది, సూడు! మా చెల్లె సారక్క లగ్గంనాడు, పంక్తిల అందరు తింటాంటె, పెండ్లివాళ్ల ముంగట. "పచ్చ తలకాయ చిలుక పెద్దోనిది, ఖాకీ తలకాయది చిన్నోనిది. చిన్నోడు పచ్చనూలంత ఆగం జేసిండు, తలకాయకాడికి వచ్చేటాలకు నూలు ఒడిసింది" అన్నది. చిన్నోడంటె నేనే. అందరు ఒక్కటే నవ్వుడు. మా అన్న రాజమౌళి, అదే మీ పెద్దతాత, డోర్నకల్ల రైల్వేల చేసి ఆడనే ఇల్లు కట్టుకున్నడు గదా, ఆయన నా పక్కనే కూసుండి పప్పు కలుపుకుంటాండు. "కాదత్తా" అని ఒక్క మాట అనలే. ఆనాటిసంది నేను డోర్నకల్ పోలే. అంటే, వదిన చచ్చిపోయినప్పుడు పోయిన. నీళ్లు గూడ ముట్టలే.

ఇప్పుడు సారక్క కొడుకు హన్మకొండల ఇల్లు కట్టిండు. ఆ జంపఖానాను అద్దంల బిగిచ్చి హాల్ల పెడ్తడట, ఒక్కో చిలుక కింద నేసినోని పేరు రాపిస్తడట. అందుకే గదా దాన్ని నీ చేతికిచ్చి నా కాడికి పంపిండు. ఒక్కసారి బిగిస్తె ఇగ మార్చుడుండదు. నేను పోయినంక గూడ వచ్చినోళ్లంత చదువుతరు. నాకు సంతకం తప్ప రాదు, నువ్వు రాసిందే రాత. సక్కగ విను మరి.

అప్పుడు చెల్లెకు ఆరేండ్లు. ఎనిమిదేమో. కాదు, ముంగటి పండ్లు ఊడినయ్ గదా, ఆరే. నాకు పదకొండు, అన్నకు పద్నాలుగు. ఊరందరికి జంపఖానాలు నేసే ఇల్లు మాది, పండుకునేది మాత్రం గోనెసంచుల మీద. "అందరికి నేస్తరు, నాకొక్కటి లేదు" అని చెల్లె దినాం ఏడ్సేది. దసర పండుగకు దానికి తెల్వకుంట ఒకటి నేసి ఇద్దామన్నడు అన్న. కాదు, ఆ మాటన్నది నేనే. ఎవలో ఒకలం అన్నం. బాపు మగ్గం మీద మిగిలిన పోగులు దాసి, ముక్క ముక్క ముడేసి, రెండు చిలుకలు ఎదురెదురుగ పెట్టి మొదలువెట్టినం.

జంపఖానా ఇద్దరు పక్కపక్కన కూసుండి నేసేది. నేను ఎడమకు, అన్న కుడికి. ఎవని చిలుక వానిది. ఇగ సూడు, నీ ముంగట పరిచిన. ఎడమకు ఏదున్నది? పచ్చ తలకాయది. అయిపాయె! పచ్చది నాది, ఖాకీది ఆయనది. రాస్కో.

ఏందే, ఎందుకు తిరగేస్తానవ్? ఆఁ... ఇప్పుడు ఎడమకు ఖాకీది వచ్చిందేంది?

జంపఖానాకు మంచి మొకం, ఎనుక మొకం అని ఉండదు బిడ్డా. రెండు దిక్కుల పరుసుకోండ్రి అని గిరాకులకు నేనే వెయ్యిసార్లు చెప్పిన. మల్ల నాకే యాదికి రాలే సూడు. ఇన్నేండ్లసంది ఎడమ, ఎడమ అనుకుంట కూసున్న.

ఆగు, అంచు సూద్దాం. నా అంచు గీత గీసినట్టుంటది, మా అన్నది వంకర. ఇటు సక్కగనే ఉన్నది. అటు... అటు గూడ సక్కగనే ఉన్నదేంది? ఆయన అంచు వంకర గదా! వాడకట్టంత అట్లనే చెప్పిన నేను.

జర నీళ్లియ్యి.

పండుగ ముంగటి దినం చెప్త, దాంతోని తేలుతది. చెల్లె ఇంట్ల ఉంటే చూస్తది గదా, అందుకని బాపు సైకిల్ తీసిండు. ముంగట రాడ్ మీద చెల్లె, ఎనుక క్యారేజీ మీద నేను, ఖిల్లాకు పోయినం. నేనంటె బాపుకు పానం, అందుకే నన్ను తీస్కపోయిండు. అమ్మ సర్వపిండి కట్టిచ్చింది. రాతి తోరణం నీడకు కూసుండి తిన్నం. గోలీసోడా పది పైసలు అప్పుడు. చెల్లెకు సోడా ముక్కులకెల్లి వచ్చి ఒక్కటే ఏడుపు. పొద్దుగూకినంక ఇంటికి వచ్చినం. పొద్దుగాల పోయేటప్పుడు రెండు చిలుకలు మెడదాక వచ్చినయ్, వచ్చి సూస్తె జంపఖానా మగ్గం మీదికెల్లి కోసి, కొసలు ముడేసి, మడతవెట్టి ఉన్నది. చెల్లె దాన్ని నెత్తిన పెట్టుకోని వాడంత తిరిగింది...

ఏమన్నవ్? తలకాయలు ఎవలు నేసిండ్రంటవా?

ఎవలంటె... నేను ఖిల్లాకాడున్న. బాపు మాతోనే ఉన్నడు. అమ్మ పండుగ పనుల ఉన్నది. ఒక్క చిలుక నేసి ఇంకోటి ఆపుడు గూడ కాదు, నేత రెండు దిక్కుల ఒక్కసారే పైకి రావాలె. అంటే అన్న ఒక్కడే. ఈడ కూసుండి జర, ఆడికి జరిగి జర, పొద్దంత.

పచ్చనూలు ఒక్క తలకాయకే మిగిలింది. ఏ చిలుకకు పెట్టాలెనో ఆయననే అనుకున్నడు. తన చిలుకకే పెట్టుకుంటె, అత్త చెప్పిందే నిజం. నా చిలుకకు పెట్టిండనుకో... పెడితే లగ్గంనాడు చెప్పొద్దా? నోట్ల బెల్లం పెట్టుకున్నడా? గా పప్పు కలుపుడేంది?

సైకిల్ మీద జాగ లేదనే ఆయన రాలేదనుకున్న ఇన్నేండ్లు. ఉన్నోళ్లల్ల ఒకలు నేయాలె గదా. నన్ను పొమ్మన్నది బాపేనా, అన్ననా? ఏమో బిడ్డా, యాదికొస్తలేదు.

ఇందాక రాసింది కొట్టెయ్. డోర్నకల్ కు ఫోన్ కొట్టు. నేను మాట్లాడ, నువ్వే అడుగు. పచ్చనూలు ఎవల చిలుకకు పెట్టినవ్ పెద్దతాతా అని అడుగు. ఖాకీది మా తమ్మునిది అంటె ఖాకీ కిందనే నా పేరు రాయి, నేనేమనుకోను. అనుకుంట గని, నువ్వు రాయి. ఒక్కటి మాత్రం ఎవల్నీ అడుగకుంట రాయి. పైన తలకాయలకాడ రాజమౌళి అని రాయి, రెండిటికీ. నా పేరు మెడదాకనే. అద్దం బిగియ్యకముందే ఇదంత సక్కజెయ్యమని సారక్క కొడుక్కు నా మాటగ చెప్పు.

రింగ్ అయితాందా? స్పీకర్ల పెట్టు. మాట్లాడనని చెప్పిన గదా, వినుటానికే.