రోజుకో తప్పు

"కళ్ళజోడు మర్చిపోయానే అమ్మాయ్. ఈ పూటకి వదిలెయ్యమని చెప్పు."

"మీ ముక్కు మీదే ఉంది టీచర్."

"ఇది దగ్గరివి చదువుకునేది. దీంతో బోర్డు కనపడదు."

"బోర్డు ముందే నిలబడతారుగా. దగ్గరగానే ఉంటుంది."

మాట్లాడుకుంటున్నది స్టాఫ్ రూములో లెక్కల టీచరమ్మ, ఎనిమిదేళ్ళ కిందట ఆమె క్లాసులో చదివి మొన్ననే యూనివర్సిటీలో లెక్కల్లో మెడల్ తెచ్చుకున్న అమ్మాయి. పక్క హాల్లో ముప్ఫై బడుల లెక్కల టీచర్లు నోటు పుస్తకాలు తెరుచుకుని మరీ కూర్చున్నారు.

"గొంతు కూడా బాగాలేదు."

"పొద్దున గేటు దగ్గర పిల్లల్ని కేకలేస్తుంటే రోడ్డు చివరికి వినపడింది."

"అదే, దానివల్లే పోయింది."

"టీచర్, మీకు భయమా?"

"నాకా? ఇరవై రెండేళ్ళ సర్వీసు. భయమేంటి? అసలు ఈ తంతంతా నిన్నెవరు పెట్టమన్నారు?"

"నేనెక్కడ పెట్టాను? మెడలిచ్చినప్పుడు ఒకాయన అడిగారు, లెక్కలంటే ఇంత ఇష్టం ఎలా వచ్చిందని. మా టీచర్ రోజూ బోర్డు మీద కావాలని ఒక తప్పు చేసేవారు, పట్టుకున్నవాళ్ళకి చాక్‌పీసు ఇచ్చి మిగతా లెక్క వాళ్ళతోనే చేయించేవారు అన్నాను. అది పేపర్లో వేశారు. మీ పెద్దాఫీసరు గారు చదివారు. ఈ పద్ధతి అన్ని స్కూళ్ళల్లో పెట్టాలన్నారు. ఇందులో నేను చేసిందేముంది?"

"నోరు. చిన్నప్పుడూ ఇంతే, అన్నీ నీకే కావాలి."

"మీరొచ్చి ఒక్క లెక్క చేసి చూపిస్తే చాలు టీచర్. టవరు నీడ లెక్క, నీడని బట్టి ఎత్తు కట్టేది. మధ్యలో ఎక్కడో ఒక తప్పు పెట్టండి. వాళ్ళు పట్టుకుంటారు. చప్పట్లు. టీ. అయిపోయింది."

"అదే ఎందుకూ? తేలిగ్గా ఏ శాతాలో, సగటో..."

"ఆఫీసరు గారే ఎంచారు."

"పోనీ నువ్వు చెయ్యి. మెడలు నీది."

"పద్ధతి మీది."

"పద్ధతి, పద్ధతి. ఆ మాట అనకు."

"ఏంటి టీచర్ మీరు? నా స్కూలుకి ఏదైనా చేద్దామని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. బీరువా కొనిస్తే తుప్పు పడుతుంది. ఫ్యాను కొనిస్తే ఏదో ఒకరోజు ఆగిపోతుంది. ఇదైతే నిలుస్తుంది. ముప్ఫై స్కూళ్ళ పిల్లలు మీ గురించి చెప్పుకుంటారు."

"ఫ్యాను కొనివ్వాల్సింది తల్లీ."

"టీచర్..."

"ఆ తలుపు వెయ్యి. గడియ కూడా."

"వేశాను."

"నన్నీ స్కూల్లో ఏం నేర్పడానికి తీసుకున్నారో తెలుసా?"

"లెక్కలు."

"కుట్లూ అల్లికలూ."

"అదేంటి?"

"మీరు ఎనిమిదికొచ్చిన ఏడు లెక్కల మాస్టారు బదిలీ అయి వెళ్ళిపోతే, ఒక్క నెల చూడమ్మా అన్నారు పెద్దమాస్టారు. ఆ నెల ఇంకా అవ్వలేదు."

"ఉండండి. ఉండండి టీచర్. మరి లెక్కలు?"

"మీతోపాటే చదువుకున్నాను. మీకంటే ఒక్క పాఠం ముందుండేదాన్ని. ఒక్కోసారి అదీ కుదిరేది కాదు."

"మరి ఆ తప్పులు?"

"కావాలని తప్పు చెయ్యాలంటే ముందు ఒప్పు తెలియాలి కదమ్మా... వేళ్ళు మడుస్తున్నావేంటి?"

"లెక్కేసుకుంటున్నా. మూడేళ్ళు. రోజుకొకటి."

"సెలవులు తీసెయ్యి."

"నవ్వించకండి. నాకు కోపంగా ఉంది. మొదటిసారి నేను లేచి మూడో లైను తప్పు టీచర్ అంటే, శభాష్, పట్టుకుంటారో లేదోనని పెట్టాను అన్నారు మీరు. ఆ శభాష్‌తో నేను ఇంతదూరం వచ్చాను."

"నలభై మంది నా మొహమే చూస్తున్నారు. ఇంకేమనను? పరువు పోతుందని నోటికొచ్చింది అనేశాను. మర్నాడు చూస్తే నలభై మందీ కళ్ళార్పకుండా బోర్డు చూస్తున్నారు. అంతకుముందు సగం మంది నిద్రపోయేవాళ్ళు. ఇదేదో బాగుందే అనుకున్నాను."

"మేం పట్టుకోని రోజు?"

"పట్టుకోని రోజు... తప్పే రాసుకుని ఇంటికెళ్ళారు. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నీలాంటిదానికి ఫర్వాలేదు. మిగతావాళ్ళు?"

"మాకు తెలీదుగా టీచర్. తప్పు దొరకలేదంటే నాకు ముద్ద దిగేది కాదు. అన్నయ్య పుస్తకాలు కూడా ముందేసుకుని మొదట్నించీ చేసేదాన్ని. తప్పు లేని రోజు కూడా వెతికేదాన్ని."

"తప్పు లేని రోజులు ఎక్కువ లేవులే."

"యూనివర్సిటీలో మా ప్రొఫెసరు ఒకసారి ప్లస్ బదులు మైనస్ రాశారు. లేచి చెప్పాను. బయటికి పొమ్మన్నారు. అప్పుడు మీరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మీరైతే చాక్‌పీసు ఇచ్చేవారు."

"ఇవ్వక ఏం చేస్తాను? అక్కణ్ణించి లెక్క నాకు రాదుగా."

"టీచర్."

"నిజం. ఆ టవరు నీడ పాఠం వచ్చేసరికి ఏటా ఎవరో ఒకళ్ళు లేచేవాళ్ళు. చాక్‌పీసు ఇచ్చేసి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. పదకొండేళ్ళు అలాగే గడిచిపోయింది."

"తలుపు కొడుతున్నారు. వస్తున్నామండీ, ఒక్క నిమిషం. టీచర్, ఇలా చేద్దాం. మీకు ఒంట్లో బాగాలేదని చెప్తాను. లెక్క నేను చేస్తాను. తప్పు కూడా నేనే పెడతాను. మీరు పక్కన కుర్చీలో కూర్చోండి చాలు. ఈ మాట నా నోటినుంచి బయటికి రాదు. ఒట్టు."

"రాదు, నాకు తెలుసు. కానీ హాల్లో ఉన్నవాళ్ళలో నాలాంటి కుట్ల టీచర్లు ఎంతమందో. ఈ పద్ధతి వింటే రేపట్నించి వాళ్ళూ కావాలనే చేశానని అబద్ధమాడతారు. పట్టుకోని రోజున పిల్లలు తప్పే రాసుకుని ఇంటికెళ్తారు."

"అయితే ఏమంటారు?"

"గడియ తియ్యి."

"మీ పరువు టీచర్. ఇన్నేళ్ళు కాపాడుకున్నారు."

"తియ్యమ్మా, మళ్ళీ మనసు మారుతుంది."

"తీశాను. ముందు మీరు నడవండి."

హాల్లో, బోర్డు ముందు, టీచరమ్మ.

"లేవకండి, కూర్చోండి. నేనిక్కడ పదకొండేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. పేపర్లో మీరు చదివిన తప్పులు కావాలని చేసినవి కావు, నాకు రాక చేసినవి. నా పిల్లలే దిద్దారు. ఈ టవరు నీడ లెక్క కూడా నాకు రాదు, ఈ అమ్మాయి చెప్తుంది. కొంచెం జరగండి మాస్టారూ, ముందు బెంచీలో నాకూ చోటివ్వండి."