ఒదీల్ వాళ్ళమ్మ కుర్చీ

రండర్రా, దగ్గరికి జరగండి, నోళ్ళు మూసి చెవులు తెరవండి! పారిస్ పాతసామాన్ల సంతలో ఒదీల్ అరుపుకి పావురాలు పక్క ఊరికి ఎగిరిపోయాయి. అమ్మ కుర్చీ బాగుచెయ్యమని మొగుడికిస్తే, దానికి వేరే కాళ్ళు బిగించి తెచ్చాడతను.

"ఇవేం కాళ్ళయ్యా?"

"పదహారో లూయీ రాజు కాలానివి. నిటారుగా, నిలువు గాడులతో..."

"కుర్చీ పదిహేనో లూయీ కాలానిది! దీనికి ఒంపు కాళ్ళుండాలి. అవేవి?"

"పుచ్చాయే. పొయ్యిలో పెట్టా."

"దుర్మార్గుడా! మా అమ్మ నన్ను ఒళ్ళో ఆడించిన కుర్చీ! మధ్యాహ్నం ఆవిడొస్తే ఏం చూపించను?"

"ఇద్దరు రాజుల మధ్యకాలందని చెబుదాం."

"పుట్టినప్పట్నుంచీ అందులోనే కూర్చున్న మనిషికా!"

పక్కన అట్లు పోసేవాడు గరిటె ఆపాడు.

"పోనీండమ్మా! విప్లవంలో పదహారో లూయీకి తలే తీసేశాం. కాళ్ళైనా మిగిలాయి, అదే పదివేలు!"