మెడలో చెక్క

నన్నా ఫాదర్ గారూ? ఆదివారం పూజయ్యాక మైకు ముందు నిలబడమంటున్నారు, నన్నా? ఇంకెవరూ దొరకలేదా?

ఆహా, సాక్ష్యమట! "మా ఫ్యాక్టరీలో శ్రమకు గౌరవం ఉంది" అని నేను చదవాలట. దేశాలు దాటొచ్చిన కొనుగోలుదార్లు ముందు వరసలో కూచుని తలలూపుతారట. కాగితం కూడా మీరే రాసిపెట్టారు. ఎంత శ్రమపడ్డారండీ!

మొన్నటి ప్రసంగం బాగుంది లెండి. పోప్ గారి లేఖ చదివి, మనిషి సరుకు కాదన్నారు. వ్యాపారం మనిషి కోసం గానీ, మనిషి వ్యాపారం కోసం కాదన్నారు. అప్పుడు మీ ఒంటి మీదున్న పూజావస్త్రం ఎవరు కుట్టారనుకున్నారు? మా కుట్టుమిషన్ల లైనే. మెడ దగ్గర లోపలి చీటీ చూడండి, "గౌరవంగా కుట్టినది" అని ఉంటుంది. ఆ చీటీ కుట్టేదీ మేమే.

చెక్క సంగతి మీకెవరూ చెప్పలేదా? అయ్యో! మా లైనులో నలభై మిషన్లకు ఒకటే చెక్క, తాడు కట్టి మేకుకు వేలాడుతుంటుంది. బాత్రూముకు వెళ్ళాలంటే అది మెడలో వేసుకోవాలి. వెళ్ళినావిడ తిరిగొచ్చి తగిలించేదాకా మిగతావాళ్ళు బిగబట్టుకోవాల్సిందే. నవ్వొస్తోందా? మాకూ వచ్చేది, మొదట్లో.

మా వదినకు షుగరండీ. మా అన్న భార్యే, ఇక్కడ మూడో వరసలో కూచుని పాటలు పాడుతుందే, ఆవిడ. గంటకోసారి వెళ్ళాలి. ఒకరోజు చెక్క దొరక్క కుర్చీలోనే... సరే, వద్దులెండి. తడిసిన బట్టలతోనే సాయంత్రం దాకా కుట్టింది. కుట్టింది పూజావస్త్రాలే.

తర్వాత, పనివాళ్ళను ఎలా చూస్తున్నారో తనిఖీ చేసే ఆడిట్ వచ్చింది. ముందురోజే చెక్క తీసేయమన్నారు. లైను లీడర్ని కదా, నేనే తీశా. ఆడిట్‌కొచ్చినావిడ మెడలో చిన్న సిలువ, మన మతమే. మా వదిన దగ్గర ఆగి, "కావాలన్నప్పుడు బాత్రూముకు వెళ్తారా?" అని అడిగింది. వదిన, వెర్రిబాగులది, "చెక్క ఖాళీగా ఉంటే వెళ్తామండీ" అనేసింది.

ఏం చెక్క అంటూ ఆవిడ నా వైపు తిరిగింది.

నేనేమన్నానో తెలుసా? "ఆమెకు మతి సరిగ్గా ఉండదండీ. మా వదినే, నాకు తెలియదా?" అన్నా. చెక్కేమో నా అన్నం సంచిలోనే ఉంది! ఆవిడ చక్కగా రాసుకుంది. ఫ్యాక్టరీకి సర్టిఫికెట్ వచ్చింది, వదిన పని పోయింది. మతిలేనివాళ్ళను మిషను ముందు కూచోబెట్టకూడదట. భద్రతట!

ఏంటి, తల దించేసుకున్నారు? ఇది పాపసంకీర్తనం, పాపాలు ఒప్పుకోవడం అనుకున్నారా? అది గుసగుసగా చెప్పుకునేది కదండీ. వదినకు మతిలేదని నేను లైనంతా వినేట్టు చెప్పా.

పోనీ తిట్టినా బాగుండు. "నీ పనైనా నిలబడిందిలే" అంటుంది మా వదిన.

చెక్కా? ఆడిట్ మర్నాడే మేకుకు తగిలించా. అదీ నేనే.

ఇటివ్వండి ఆ కాగితం. చదువుతాలెండి. వదిన మూడో వరసలో కూచుని వింటుంది, అంతేగా? ఆవిడ ముందు అబద్ధమాడటం నాకేం కొత్త కాదు.