అంగారకుడి మీద ముప్పై అయిదు కిలోలు

సూర్యాపేట బస్టాండు క్యాంటీన్, పొద్దున పదకొండు గంటలు. తిరుమలగిరి హైస్కూల్లో సైన్సు చెప్పే చిరంజీవి సారు, నలభై ఒకటో ఏట, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అయిదో పెళ్లిచూపులకు వచ్చాడు. ఎదుటి కుర్చీలో ఆమె. ఇద్దరి చాయ్‌లూ చల్లారిపోయాయి. సారు మాత్రం ఇంకా భూమ్మీదికి దిగలేదు.

“...అదే అంగారకుడి మీదైతే నేను ముప్పై అయిదు కిలోలే ఉంట.”

“ఈడ ఎంతున్నరు?”

“తొంభై రెండు. అక్క మీకు ఎనభై అని చెప్పి ఉంటది.”

“మీ అక్కనా? సార్, నేను...”

“ఆగుండ్రి దీవెన గారూ. జర నన్ను చెప్పనియ్యుండ్రి. నడుమ ఆగితే ధైర్యం జారిపోతది.”

“...సరే, చెప్పుండ్రి. మరి గాడికే పోరాదు? సన్నగ కనబడుతరు.”

“ఎక్కడ సన్నగ? బరువే తగ్గుతది, పొట్ట గంతే ఉంటది. పైగా పీల్చేటందుకు గాలి లేదు. చలి సున్నాకు అరవై కింద. నాకు తిరుమలగిరి చలికే మంకీ క్యాప్ కావాలె.”

“పోనీ, శుక్రుడు?”

“అమ్మో! నాలుగు వందల అరవై డిగ్రీలు. సీసం కరిగి కారిపోతది. పైన మబ్బులన్నీ యాసిడ్. తన చుట్టు తాను ఒక్కసారి తిరిగేలోపు దానికి ఏడాది దాటిపోతది.”

“గంత మెల్లగనా?”

“నా లెక్కనే. నేను చదివి, నౌకరి తెచ్చుకొని, ఇగ పెళ్లి చేసుకుందామనేసరికి నా తోటోళ్ల పిల్లలు నా క్లాసులనే కూసున్నరు.”

“ఇగ గురుడు?”

“నిలబడదామంటే నేలే ఉండదు. అంతా వాయువే. దిగుడే దిగుడు. పోయిన పెళ్లిచూపులల్ల నాది అదే గతి. పిల్ల ‘మీకేది ఇష్టం’ అనడిగింది. శని అన్న.”

“అయ్యో!”

“శని వలయాలండి. మంచిగుంటయ్ కదా. పూర్తిగ చెప్పకముందే వాళ్ల నాయిన చెప్పులేసుకున్నడు.”

“నవ్వొస్తుంది సార్, ఏమనుకోకుండ్రి.”

“నవ్వుండ్రి, నేనే నవ్వుకుంట. అవునూ, కోదాడ దవాఖానల పనెట్లుంటది?”

“దవాఖానా? నాకేం తెల్వదు. నేను చెప్పేదేందంటే...”

“ఆఁ, కొత్తగ చేరిన్రని అక్క చెప్పింది. మర్చేపోయిన. బుధుడి సంగతి చెప్పనా?”

“వద్దు. అడగవలసింది అడుగుతలేరు గని, గ్రహాలన్నీ తిప్పుతున్నరు.”

“అంగారకుడి మీదున్నోణ్ణి ఈడ నుంచి ‘తిన్నవా’ అంటే, ఆ మాట అందేసరికి ఒక్కోపాలి ఇరవై నిమిషాలు పడుతది.”

“మీరొచ్చి గంటయింది.”

“అడుగుత. అడిగేటందుకే వచ్చిన. ఈడ కాకుంటే ఇగ చూపులు ఖతం అని అక్కకు చెప్పొచ్చిన. సూడుండ్రి... అంగారకుడికి పంపేముందు మనిషి ఒంటరిగ ఎన్నాళ్లుంటడో అని భూమ్మీదనే గదిల పెట్టి పరీక్ష చేస్తరు. పదకొండేండ్ల సంది తిరుమలగిరిల కిరాయి రూముల నేనొక్కణ్ణే ఉన్న. నన్నెవ్వరు పరీక్ష చెయ్యలే. రోజూ తాళం తీసి, లోపలెవ్వరు లేరని తెలిసి కూడ ‘వచ్చిన’ అంట. ఇగ నాతోని అయితలేదండి. మీరు... నన్ను చేసుకుంటరా?”

“ఒక్క మాటడుగుత సార్.”

“అడుగుండ్రి దీవెన గారూ.”

“నన్నెట్ల గుర్తుపట్టిన్రు సార్?”

“పచ్చ చీర కట్టుకొని ఫ్యాను కింద కూసుంటదని అక్క చెప్పింది.”

“పచ్చ అంటే? ఆకుపచ్చనా, పసుపుపచ్చనా?”

“...అడగలే.”

“నాది ఆకుపచ్చ. ఆ మూల ఇంకో ఫ్యాను కింద సూడుండ్రి. పసుపుపచ్చ చీరామె. గంట నుంచి ఫోను చెవికి పెట్టుకొని తలుపు దిక్కే సూస్తున్నది.”

“నా ఫోను... అక్కనే బంద్ పెట్టుమన్నది. ఓరి దేవుడా! మరి మీరు?”

“నవ్య. మిర్యాలగూడ రైసుమిల్లుల చేస్త. బస్సు కోసం కూసున్న.”

“ముందే చెప్పొద్దా అండి! నా ఇజ్జత్ అంతా బల్ల మీద పరిస్తి!”

“రెండుసార్లు నోరు తెరిస్తి, మీరు చెప్పనియ్యలే. మూడోసారి నేనే తెరవలే. కండ్ల ముందటనే రెండు బస్సులు పోయినయ్. నా రూముల కూడ ‘వచ్చిన’ అంటే పలికేటోళ్లు లేరు సార్.”

“ఇప్పుడు నేనేం చెయ్యాలె?”

“పోయి మాట్లాడుండ్రి. పాపం, మీ కోసమే కోదాడ నుంచి వచ్చింది. బరువు తొంభై రెండని నిజం చెప్పుండ్రి.”

“గ్రహాల సంగతి?”

“అది మాత్రం ఆమెకు చెప్పకుండ్రి సార్. అది నాకు చెప్పిన్రు.”