వానలో తోటమాలి

నిఘా శాఖను తొమ్మిదేళ్లు ఏలిన పెద్దాయన పదవి దిగి పట్టుమని పది రోజులు కాలేదు. కిటికీ పరదాను వేలెడంత తొలగించి బయటికి చూస్తున్నాడు.

"ఏమేవ్, ఇటు రా. ఈ కొత్త తోటమాలిని ఎవరు పంపారు?"

"మీ ఆఫీసువాళ్లే. ఏం, పని బాగానే చేస్తున్నాడుగా?"

"బయట కుండపోత వాన. వాడు గులాబీలకి నీళ్లు పోస్తున్నాడు!"

"అయ్యో, పిచ్చి మనిషి!"

"వాడి కన్ను మొక్కల మీద కాదే, నా మీద. దిగిపోయిన అధికారి మీద ఏడాదిపాటు కన్నేసి ఉంచాలని ఉత్తర్వు రాసింది నేనే."

"మరింకేం? ఎందుకంత మంట?"

"ముప్పై ఆరేళ్ల సర్వీసు నాది. నా మొహానికి ఈ మొద్దావతారమా?"

"ఊరికే ఉడుక్కోకండి. వీడు మీకు కనబడటానికి పెట్టినవాడు. అసలు మనిషి వేరే ఉంటారు. ఎప్పుడూ ఇద్దర్ని పెడతారుగా!"

ఆయన పరదా వదిలేశాడు.

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

"మీరే ఎప్పుడో అనుంటారు."

"ఆఫీసు మాట ఒక్కటి కూడా నేను ఇంట్లో ఎత్తలేదు."

ఆవిడ ఆయన చేతిలోని కప్పు అందుకుంది.

"టీ చల్లారిపోయింది. వేడిచేసి తెస్తా, ఉండండి."

లోపలికి వెళ్లి వంటింటి తలుపు వేసుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ తలుపు మూసుకోవడం ఆయన చూడటం అదే మొదలు.